ఎర్రకోనలో ఎదురుసత్యం

కాంచనను మనం పోయిన వారం పూండి చెరువు దాటాక, తారు రోడ్డు అయిపోయి ఎర్రమట్టి దోవ మొదలయ్యే చోట వ్యాను దిగుతుండగా వదిలిపెట్టాం. ఆమె వెంట కూతురు వైష్ణవి ఉంది. అన్న మునుస్వామి, వదిన అలమేలు, వాళ్ల కొడుకు ముకేశ్, కోడలు నిత్య, నిత్య చంకలో పాప ఉన్నారు. చూసేవాళ్లకు ఇది ఆదివారం పూట ఇంటిల్లిపాదీ కలిసి చేసే షికారే. కాంచనకు మాత్రం వ్యాను ఎక్కినప్పటి నుంచి ఒకటే అనుమానం. మొగుడు పోయిన ఇన్నేళ్లకు, ఆవడి ఫ్యాక్టరీలో పనిచేసే దామోదరాన్ని పెళ్లి చేసుకుంటానని ఆమె నోరు తెరిచి చెప్పిన రోజు నుంచి అన్న ఆమె ముఖం చూడలేదు. అలాంటి అన్న తిరువళ్లూరులో ఆమె గుమ్మం ఎక్కి, "రామ్మే, గంగమ్మకు పొంగలి పెట్టి శానా కాలమైంది. అట్లే కోనంతా నడిచొద్దాం" అని ఎందుకు పిలిచినట్టు? ఇంకోటి కూడా ఉంది. రెండు నెలలుగా దామోదరం ఫోను ఎత్తడం లేదు. తామిద్దరూ కలిసే సాయంత్రం లోకల్ ట్రైన్‌లో కనిపించడం లేదు. ఎందుకో ఆమెకు తెలియదు.

దోవ కష్టమేమీ కాదు. ఎండాకాలం మొదలైంది కాబట్టి ఏరు ఎండిపోయి ఇసుక మిగిలింది. ఆ ఇసుక మీదే నడక. రెండు పక్కలా ఎర్రటి రాతిగోడలు లేచి, పోనుపోను దగ్గరవుతాయి. ఆ రాతిలో గుండ్రటి గులకరాళ్లు వేరుశనగ చిక్కీలో పప్పుల్లా ఇరుక్కుని ఉంటాయి. చెట్టంటూ ఉంటే తుమ్మ, కాదంటే నాగజెముడు. పాప చంక దిగి ప్రతి రాయినీ పలకరిస్తూ నడిచింది. ముకేశ్ అడుగడుగునా ఫోనుతో ఫొటోలు తీశాడు. అలమేలు పొంగలి క్యారియరూ పూజ సంచీ మోస్తూ అందరికన్నా వెనక వచ్చింది. ఆ ఇంట్లో ఆమె ఎప్పుడూ వెనకే నడుస్తుంది. పెళ్లయిన నాటి నుంచి మొగుడి మాటకు ఎదురు చెప్పిన మనిషి కాదు.

దోవ మొదట్లో అరవంలో ఒక బోర్డు ఉంది. వైష్ణవికి తెలుగు కన్నా అరవమే బాగా చదవడం వచ్చు. పైకి చదివి నవ్వింది.

"సివప్పు పళ్లత్తాక్కు అంటమ్మా."

"అంటే మన ఎర్రకోనకు పేరు గూడా మార్చేసినారా?" అంది కాంచన.

"బోర్డులో ఏముంటే ఏమిలే. అమ్మ అదే అమ్మ, కోన అదే కోన," అన్నాడు మునుస్వామి పెద్దమనిషి తరహాలో.

ఆ రోజంతా అతను అలాగే ఉన్నాడు. చెల్లెలికి మజ్జిగ ఇచ్చాడు. బండరాయి ఎక్కాల్సిన చోట చెయ్యి అందించాడు. చిన్నప్పుడు ఇదే కోనలో ఆమె తప్పిపోతే నాయన ఎలా కంగారుపడ్డాడో చెప్పి, తనే ముందు నవ్వాడు. మునుస్వామి మంచితనం వెనక ఏదో పని ఉంటుందని వాళ్ల ఊరు వెంగల్ చుట్టుపక్కల ఎవర్ని అడిగినా చెబుతారు. ఆ సంగతి కాంచనకూ తెలుసు. అయినా అన్న నవ్వితే ఆమెకు సంతోషం వేసింది. పోనీ, కోపం తగ్గిందేమో అనుకుంది. తోబుట్టువు విషయంలో ఎంత తెలివైన వాళ్లయినా ఇలాగే బోల్తా పడతారు.

కోన చివర గోడలు రెండూ దాదాపు కలుసుకునే చోట నీడగా, చల్లగా ఉంటుంది. అక్కడే గంగమ్మ. విగ్రహమేమీ లేదు, పసుపు రాసిన రాయి. అందరూ చెప్పులు విడిచారు. అలమేలు రాయి కడిగి, పసుపు రాసి, పొంగలి పెట్టింది. దండం పెట్టుకున్నారు. ఇక తినడమే తరువాయి అనుకుంటుండగా మునుస్వామి సంచిలోంచి సూడం తీశాడు. ఆ వైపు తెలుగువాళ్లు కర్పూరాన్ని కర్పూరమనరు, సూడమనే అంటారు. ఒక బిళ్లను రాయి ముందున్న చదును బండ మీద పెట్టి వెలిగించాడు.

"కాంచనా, ఇట్ల రా."

ఆమె హారతి అనుకుని రెండు చేతులూ చాచింది.

"హారతి కాదు. సూడం ఆర్పి అమ్మకు సత్యం చెయ్యి. 'నాకూ ఆ దామోదరానికీ ఏ సంబంధమూ లేదు, ఇంగెప్పుడూ ఉండదు' అని చెప్పు. చెప్పి చెయ్యి పెట్టి ఆర్పేసెయ్. అంతే. ఆమీట పొంగలి తిని పోదాం."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ వంశంలో కోర్టు తీర్పునైనా కాదంటారు గానీ, ఎర్రకోనలో సూడం ఆర్పి చేసిన సత్యాన్ని కాదనరు. వెలుగుతున్న సూడం మీద అరచెయ్యి పెట్టి ఆర్పి అబద్ధం చెబితే కళ్లు పోతాయని వాళ్ల గట్టి నమ్మకం. ఇంజనీరింగు చదివిన ముకేశ్ కూడా ఆ మాటకు నవ్వడు. అందుకే మునుస్వామి చెల్లెల్ని ఇంట్లో కూర్చోబెట్టి తిట్టకుండా ఇంత దూరం నడిపించుకొచ్చాడు.

కాంచన చుట్టూ చూసింది. ముకేశ్ ఫోను ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

"అది యాలరా?"

"మనోళ్ల గ్రూపులో పెట్టేదానికి అత్తా. నాయన తీయమన్నాడు," అన్నాడు వాడు మేనత్త కళ్లలోకి చూడలేక.

అంటే మజ్జిగ, చెయ్యి అందించడం, నాయన కథ, అన్నీ దీనికోసమే. కాంచనకు ముందు సిగ్గేసింది. ఒక్క నవ్వుకు లొంగిపోయానే అని తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ తర్వాత కోపం వచ్చింది. వచ్చాక ఇక ఆగలేదు.

"దీనికా పిలిచినావు?"

"నీ మంచికే మే. పెండ్లీడు బిడ్డను ఇంట్లో పెట్టుకోని నువ్వు పెండ్లి చేసుకుంటే రేపు దానికి సంబంధాలొస్తాయా? బంధువుల్లో తలెత్తుకోగలమా? ఆయప్ప ఎట్లాగూ పోయినాడు గదా. ఫోను గూడా ఎత్తడం లేదంట. ఇంగేముండాది? ఒక మాట అనేసి ఆర్పు."

"పోయిన మనిషి కోసరం సత్యం యాల అడగతాండావు? పోయినోడు పోయినట్టే గదా. నీకేం భయం?"

మునుస్వామి మంట వైపు చూపించాడు. "సూడం అయిపోతాండాది, కానియ్యి," అన్నాడు. అలమేలు ఇంకో బిళ్ల మంటలో వేసింది.

"ఏమని చెప్పాల? ఇంగొకసారి చెప్పు," అంది కాంచన.

"ఆయప్పకూ నాకూ ఏ సంబంధమూ లేదని."

"సంబంధమా?" కాంచన కొంగు నడుముకు దోపుకుంది. "ముకేశ్ కోసరం నువ్వు ఊరూరా తిరిగి ఏం చూసినావు?"

"ఏందిది, బడిలో మాదిరి?"

"చెప్పన్నా. ఏం చూసినావు?"

"సంబంధాలు చూసినా."

"నిత్య వాళ్లింట్లో ఖాయమైనప్పుడు వెంగల్ అంతా తిరిగి ఏమని చెప్పుకుంటివి?"

"మంచి సంబంధం దొరికిందని చెప్పినా. అయితే?"

"రేపు నా బిడ్డకు ఏం రావాలని ఏడస్తాండావు?"

నిత్యకు నవ్వొచ్చి పాప ముఖం వైపు తిరిగింది.

"మగబిడ్డకైతే సంబంధం. కన్నెపిల్లకైతే సంబంధం. తాంబూలం తట్టలో పెట్టి చెప్పుకునే మాట. నా కాడికి వచ్చేతలికే దానికి బురద అంటిందా? నేను దొంగతనంగా యాడికన్నా పోతినా? ఇంటికొచ్చి, నీ ముందర నిలబడి, ఈయన్ని చేసుకుంటా అన్నా అని చెప్పినా. నువ్వు తలుపేసుకున్నావు."

"నోరు ముయ్!"

"సత్యం చెయ్యమని పిలిచి నోరు ముయ్యమంటే ఎట్ల?"

ఆమె బండ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. గాజులు పైకి తోసుకుంది. వైష్ణవి ఒక్క అడుగు ముందుకేసి, "వేండాంమా, వద్దు, చెయ్యి కాలతాది," అంది ఏడుపు గొంతుతో. కాంచన వినిపించుకోలేదు. దామోదరం ఎక్కడున్నాడో ఆమెకు తెలియదు. అతని మనసు మారిందేమో అనే భయం ఆమెకు రోజూ ఉంది. అతను వస్తాడని సత్యం చేయలేదు, ఎందుకంటే అది ఆమె చేతిలో లేదు. తన చేతిలో ఉన్నదే చెప్పింది.

"గంగమ్మా! దామోదరానికీ నాకూ సంబంధం ఉండాది. మా అన్న చూసిన సంబంధం కాదు, నేనే కుదుర్చుకున్న సంబంధం. ఆయప్ప కాదంటే అది ఆయప్ప ఇష్టం. నేనుగా కాదనను. ఎవరో వద్దన్నారని అసలే కాదనను."

అరచెయ్యి మంట మీద వేసి అదిమింది. చురుక్కుమంది. పళ్లు బిగించింది గానీ చెయ్యి తియ్యలేదు. మంట ఆరి నల్లటి పొగ లేచాకే తీసింది. ముకేశ్ ఫోను ఆపడం మరిచిపోయి అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

కోపం మితిమీరితే మునుస్వామికి తెలుగు చాలదు, అరవం అందుకుంటాడు. "ఎన్న పేచ్చు ఇదు! అమ్మ ముందర పేసర పేచ్చా ఇదు!" అని, అమ్మ ముందర మాట్లాడే మాటలా ఇవని అరిచాడు. గోడలు రెండూ ఆ అరుపును తిప్పి ఇచ్చాయి. పాప జడుసుకుని ఏడ్చింది. "అట్లనా సత్యం చేసేది? నేను చెప్పిందేంది, నువ్వు చేసిందేంది?"

"నిజం చెప్పేదాన్నే గదా సత్యం అనేది? నువ్వడిగినావు, నేను చేసినా. అయిపోయింది." కాంచన లేచి నిలబడింది. అరచెయ్యి మధ్యలో ఎర్రగా బొబ్బ లేస్తోంది. "ఇప్పుడు నీ వంతు."

"నా వంతేంది?"

"నాయన చెప్పలేదా? ఈ కోనలో సత్యం అడిగినోడు ఎదురుసత్యానికి గూడా చెయ్యి పెట్టాల. పెట్టనోడు అడిగేదానికి తగడు. చిన్నాయనతో పొలం గట్టు తగాదాలో నాయన పెట్టలేదా? నువ్వూ నేనూ పక్కనే నిలబడి చూసినాం."

ఆ సంగతి మునుస్వామి మరిచిపోలేదు. చెల్లెలికి గుర్తుండదనుకున్నాడు, అంతే. ఆమె వదిన దగ్గర అగ్గిపెట్టె తీసుకుని, కాలిన చేత్తోనే కొత్త బిళ్ల పెట్టి వెలిగించింది.

"నువ్వు దామోదరం కాడికి పోలేదనీ, ఆయప్పకు ఏమీ చెప్పలేదనీ ఆర్పు. ఆర్పినావంటే నీ కాళ్లు పట్టుకుంటా. ఈ జన్మలో ఆ పేరెత్తను."

అది ఎంత పెద్ద మాటో అక్కడున్న అందరికీ అర్థమైంది. ఒక్క చెయ్యి పెడితే మునుస్వామి గెలిచినట్టే. అతను కండువా సర్దుకున్నాడు. బండ ముందుకు వచ్చాడు. వంగాడు. చెయ్యి మంట పైకి పోయింది. వేడి తగిలినంత దూరంలో ఆగిపోయింది. కాలుతుందని కాదు ఆగింది. వయసులో పొలం పనిలో ఇంతకన్నా పెద్ద గాయాలు ఎన్నో పడ్డవాడే. అతను రాయి వైపు చూశాడు, చూపు దించుకున్నాడు, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇదంతా ఆడోళ్ల పిచ్చి. నాకు అవసరం లేదు."

"నీకు అవసరం లేదా? నాకుండాది! నిన్ను కాదు, ఇన్నాళ్లూ ఆయప్పను తిట్టుకున్నా నేను. ట్రైన్‌లో కూర్చోని మొఖం కిటికీ పక్క తిప్పుకోని ఏడ్చినా. ఆర్పు!"

సూడం కరిగి మంట చిన్నదవుతోంది. అది దానంతట అదే ఆరిపోతే సత్యం అడిగినట్టూ కాదు, చేసినట్టూ కాదు. మునుస్వామి దానికోసమే చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడు వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి మంట మీద పడింది. పసుపు అంటిన చెయ్యి. అలమేలుది.

"పోయినాడు," అంది అలమేలు. "నేను గూడా పోయినా."

మొగుడు ఆమె వైపు చూసిన చూపుకు ఇంకో రోజైతే ఆమె వణికిపోయేది. ఆ రోజు వణకలేదు. చెయ్యి బండ మీద అలాగే ఉంచి చెప్పింది. ఇన్నేళ్లు మింగిన మాటలన్నీ ఒక్కసారి బయటికి రావడానికి తోసుకుంటున్నట్టు, తడబడుతూ చెప్పింది.

"ఆవడి స్టేషన్లో బెంచీ మీద కూర్చోబెట్టి ఆయప్పతో చెప్పినాడు. 'మీరు పెండ్లి చేసుకుంటే మా వైష్ణవి ట్రైన్ కింద పడతానంటాండాది, ఆలోచించుకో' అని. నేను పక్కనే ఉండి గూడా కాదనలేదు కాంచనా. నా నోరు పడిపోను. ఆయప్ప నమ్మలేదు. ఆ బిడ్డ నోట వింటేగానీ నమ్మనన్నాడు. అప్పుడు ఈయన ఫోను కలిపి..."

ఆమె ఆగిపోయింది. ఆపైన చెప్పాల్సింది తను కాదు. చూపు వైష్ణవి వైపు పోయింది.

కాంచన కూడా అటే చూసింది. కూతురి ముఖంలో ఆశ్చర్యం ఉంటుందేమో, 'అబద్ధం అత్తా' అంటుందేమో అని చూసింది. వైష్ణవి ముఖంలో ఆశ్చర్యం లేదు.

"నేనే అమ్మా. నేనే చెప్పినా."

అన్న చేసినదానికి కాంచనకు కోపం వచ్చింది. కూతురు చేసినదానికి కోపం రాలేదు. రాతిగోడకు ఆనుకుని నిలబడింది. కొడుతుందేమో అనుకుని నిత్య దగ్గరికి వచ్చింది. కాంచన చెయ్యెత్తలేదు.

"నా మొఖాన చెప్పుండొచ్చు గదే. నాకు ఇష్టం లేదమ్మా అని అరిచుండొచ్చు గదా. నేను ఊరుకునేదాన్ని కాదు, నీతో పోట్లాడేదాన్ని. పోట్లాడేదానికి గూడా నేను పనికిరాకుండా పోతినా?"

"భయమేసిందమ్మా." వైష్ణవి ముక్కు తుడుచుకుంది. "నువ్వు ఆయప్పతో ఆవడికి పోతే నన్ను వాళ్లింట్లోనే ఉండమన్నాడు మామ. నీకింగ నేను అవసరం లేదన్నాడు. నమ్మేసినా. కానీ నేను ఫోనులో అట్లంటే ఆయప్ప ఏమన్నాడో తెలుసా? తిట్టలేదమ్మా. 'నీ చదువు అయ్యేవరకూ ఆగతా తల్లీ. ఆగతాండానని మీ అమ్మకు నువ్వే చెప్పు. నేను చెప్తే నీ మీద చాడీ చెప్పినట్టు ఉంటాది' అన్నాడు. నన్ను నమ్మి నా చేతికిచ్చినాడు ఆ మాట. నేను చెప్పలేదు."

పాప పొంగలి కావాలని మారాం చేస్తోంది. కాంచనకు ఏడుపు వచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన మంచి ఏడుపు అది. అతను వదిలి పోలేదు. ఒక ఆడపిల్ల మాటకు విలువిచ్చి దూరంగా నిలబడ్డాడు. ఆమె కళ్లు తుడుచుకుని, చెప్పులు వేసుకుని, వచ్చిన దోవన దిగడం మొదలుపెట్టింది.

"యాడికి మే? పొంగలి తినకుండా పోకూడదు!" కేకేశాడు మునుస్వామి.

"సంబంధం మాట్లాడుకునేదానికి," అంది కాంచన వెనక్కి తిరగకుండా. "పెద్దమనుషులు నాకు అవసరం లేదు. ఒక్కదాన్నే మాట్లాడుకుంటా. ఇయ్యాలే ఆవడికి పోతా."

ఎర్రటి గోడల మధ్య, ఎండిన ఏటి ఇసుకలో ఆమె గబగబా నడిచింది. మొదటి మలుపు దగ్గర వైష్ణవి పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఆవడికి పోవద్దమ్మా. ఆయన ఆడ లేడు."

"నీకెట్ల తెలుసు?"

"పోయిన వారం కాలేజీకని చెప్పి ఆడికే పోయినా. తప్పయింది అని చెప్పి, నీ కాడికి పిల్చుకొద్దామని. క్వార్టర్స్‌కు తాళం ఏసుండాది. పనికి గూడా రాలేదంట. పక్కింటామెను అడిగినా..." వైష్ణవి గొంతు తగ్గించింది. కోన చివర నీడలో నిలబడ్డ మామ వైపు చూసి, మళ్లీ తల్లి వైపు తిరిగింది. "చెప్పేదానికి భయమేసిందమ్మా. ఒక పెద్దాయన వచ్చి కారులో ఎక్కించుకోని పోయినాడని చెప్పింది. నా ఫోనులో మన ఫ్యామిలీ ఫొటో ఉంటే చూపించినా. ఈయనేనని మామ మీద వేలు పెట్టింది."

అన్న చెయ్యి మంట మీద ఎందుకు ఆగిపోయిందో కాంచనకు ఇప్పుడు తెలిసింది. స్టేషన్లో నాలుగు మాటలు చెప్పినందుకు కాదు.

కూతురి చెయ్యి విడిపించుకోలేదు. ఆ చేతిని పట్టుకునే, దిగిన దోవనే మళ్లీ పైకి ఎక్కింది. మునుస్వామి అప్పటికే సంచి మూతి ముడివేస్తున్నాడు. ఆమె వస్తుండటం చూసి అతని చేతులు ఆగాయి.

"ఆ ముడి విప్పి ఇంగొక బిళ్ల తియ్యన్నా," అంది కాంచన. "వదినా, అగ్గిపెట్టె ఇట్లియ్యి."